కచ్చా కుట్టు కోచ్

మొన్న ఆదివారం ఎల్లారెడ్డిల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, వినుండ్రి. ముందే ఒక మాట. నవ్వితే నవ్వుండ్రి గని మధ్యల ఆపి "నిజమా సత్తన్నా?" అని అడగొద్దు. అంతా నిజమే. చూసినోళ్ళు గ్రౌండ్ నిండ ఉన్నరు, వాళ్ళనడిగితే నాకంటె మంచిగ చెప్తరు. ఇంకో చాయ్ చెప్పుండ్రి, ఇది ఒక్క చాయ్‌తోని అయ్యే ముచ్చట కాదు.

నా సంగతి మీకు తెలిసిందే. కామారెడ్డిల స్టేషన్ రోడ్డు సందుల టైలర్ షాపు. ప్యాంట్లు, షర్టులు, సఫారీలు. కానీ పొద్దుగాల నేను టైలర్ని కాదు, కోచ్‌ని. కాలేజీ గ్రౌండ్ల మన పోరగాళ్ళకు ఫుట్‌బాల్ నేర్పిస్త. ఒకప్పుడు నేను గూడ ఆడినోణ్ణే. మోకాలు మొరాయించినంక బంతి ఇడిచిపెట్టి విజిల్ పట్టుకున్న. "విజిల్ మెడల పడ్డప్పటి సంది ఈయన గొంతు ఇంట్ల గూడ పెరిగింది" అని మా ఇంటామె సుజాత అంటది. షాపుల కాజాలు, గుండీలు ఆమె పనే, అందుకని నన్ను అనే హక్కు ఆమెకుంది.

టీముకు నేను పెట్టిన రూల్ ఒక్కటే. టైమంటే టైమే. లేటుగ వచ్చినోడు గోల్ పోస్ట్ పక్కన బండ మీద కూసోవాలె. ఎంత పెద్ద ప్లేయరైనా సరే, ప్రాక్టీస్ అయ్యేదాక లేవద్దు. ఇదే హోటల్ల, ఇదే బల్ల మీద కూసోని నేను ఎన్నిసార్లు లెక్చర్ ఇచ్చిన్నో మీకే తెలుసు. "ఆటగాడు గాడి తప్పిండంటె తప్పు ఆటగానిది కాదు, కోచ్‌ది. కోచ్ గట్టిగుంటే టీము గట్టిగుంటది." అన్ననా లేదా? అన్న.

అగో, అప్పుడే నవ్వుతున్నరు. షాపుల ఇచ్చిన బట్టలు టైముకు ఇయ్యనని కద? అది వేరే సంగతి. మా టైలర్లు 'రేపు' అంటే అది తారీఖు కాదు, మర్యాద. వచ్చిన గిరాకీని ఉత్త చేతులతోని పంపుడు బాగుండదని ఒక మాట ఇస్తం, గంతే.

సరే, అసలు కథల పడదాం. ఎల్లారెడ్డిల ప్రతి ఏడు టోర్నమెంట్ పెడ్తరు గద. మన కామారెడ్డి టీము ప్రతి ఏడు పోతది, మొదటి మ్యాచ్‌ల ఓడిపోతది, బస్టాండ్ కాడ మిర్చి బజ్జీలు తిని వాపసు వస్తది. కానీ ఈ ఏడు లెక్క వేరే ఉండె. ఈ ఏడు మాకు నవీన్ దొరికిండు.

నవీన్ ట్రాలీ ఆటో నడుపుతడు. మార్కెట్ నుంచి ఊర్లకు కూరగాయలు ఏస్తడు. సన్నగ ఉంటడు, కాలు ఊపిండంటె మాత్రం బంతి ఎటు పోయిందో గోల్ కీపర్‌కు వల కదిలినంకనే తెలుస్తది. వాణ్ణి చూసి నాకు ధైర్యం వచ్చింది. అందరి ముంగట ఒట్టేసిన. "ఈసారి కప్పు తేకపోతే నేను కోచ్ పని ఇడిచిపెడ్త" అని. ఎవడన్న అడిగిండా నన్ను? ఎవ్వడు అడగలే. నోరు నాది, తీట నాది.

నవీన్‌తోని ఒక్కటే తిప్పలు. వాడు ఏనాడు టైముకు రాలే. అందరు గ్రౌండ్ చుట్టు ఉరుకుడు అయినంక, చెమటలు తుడుచుకునేటప్పుడు, బుర్రుమనుకుంట ట్రాలీ వచ్చి ఆగుతది. దిగుతడు, నవ్వుతడు, బండ మీద కూసుంటడు. ఒకరోజు ఆటల మధ్యల ఫోన్ మోగితే ఎత్తి "ఆ అన్నా, టమాట దించిన, గోబీ గూడ దించిన" అని మాట్లాడుకుంటనే గోల్ కొట్టిండు. నేను విజిల్ ఊది తిట్టిన. "గోల్ అయ్యింది కదన్నా" అన్నడు. గోల్ అయ్యింది నిజమే, డిసిప్లిన్ ఏమైంది?

ఇంకోటి. రోజు పొద్దున వాడు నన్ను అందరి ముంగట ఒక్కటే మాట అడిగేటోడు. "అన్నా, నా ప్యాంటు?"

వాడు నాకు ప్యాంటు గుడ్డ ఇచ్చి మస్తు రోజులైంది. నేను రోజు "రేపు" అంటున్న. ఒకనాడు వాడు మరీ ఆలస్యంగ వచ్చిండు. నేను బండ చూపించి, "సిగ్గులేదార నీకు, ఇదేనా వచ్చే టైము?" అని గట్టిగ అరిచిన. వాడు బండ మీద కాళ్ళు చాపి కూసోని, "నా ప్యాంటు కంటె నేనే ముందొచ్చిన కదన్నా" అన్నడు.

టీమంత పడి పడి నవ్వింది. మా కెప్టెన్ రఫీ గూడ నవ్విండు. రఫీ అంటే మా గోల్ కీపరే, ఎప్పుడు నా దిక్కే ఉండేటోడు. వాడు నవ్వుడు చూసి నాకు ఎక్కడో కాలింది. మీకు అబద్ధమెందుకు చెప్పాలె, ఆ రోజే నిర్ణయం చేసుకున్న, వీణ్ణి తీసెయ్యాలని.

గప్పుడే షాపుకు మాణిక్ సార్ వచ్చిండు. ఎల్లారెడ్డి టీము కోచ్. రిటైరైన డ్రిల్ సార్, పెద్దమనిషి. ఆయన సఫారీ గుడ్డ గూడ నా దగ్గరనే ఉండె. అది గూడ రేపే. సారును కూసోబెట్టి, చాయ్ తెప్పించి, సఫారీ ముచ్చట తియ్యకముందే నేను నవీన్ ముచ్చట తీసిన. ఆ టోర్నమెంట్ల ఒక పద్ధతి ఉంటది. ఆట షురూ అయ్యే ముందు రెండు టీముల కోచ్‌లు ఒప్పుకుంటే ప్లేయర్లను మార్చుకోవచ్చు. టోర్నమెంట్ అయినంక ఎవని టీముకు వాడు పోతడు.

"నీ దగ్గర బుద్ధిమంతుడు ఎవడన్న ఉంటె ఇయ్యి సార్, నా నవీన్‌ను ఇస్త" అన్న.

మాణిక్ సార్ పిట్లం దిక్కు అంగట్ల ఎడ్ల బేరాలు చూసుకుంట పెరిగిన మనిషి. బేరమంటే ఆయనకు తువ్వాల కావాలె. అంగట్ల చూసే ఉంటరు, ఇద్దరు చేతుల మీద తువ్వాల కప్పుకోని, కింద వేళ్ళు పట్టుకోని మాట్లాడుకుంటరు, పక్కోనికి తెల్వకుండ. షాపుల మా ఇద్దరు తప్ప ఎవ్వరు లేరు. అయినా ఆయన తువ్వాల తీసి కప్పిండు. నా ఒక్క వేలు పట్టుకున్నడు. నేను ఆయన ఒక్క వేలు పట్టుకున్న. ఒకనికి ఒకడు, ఖతం. "ప్రభుదాసును తీస్కపో" అన్నడు.

సుజాత మిషన్ మీదికెళ్ళి తల ఎత్తి, "గోల్స్ కొట్టేటోణ్ణి ఇచ్చి ఎవణ్ణి తెస్తున్నవయ్యా?" అన్నది.

"టైముకు వచ్చేటోణ్ణి" అన్న.

"మరి నిన్నెవరు తీస్కపోతరు?" అన్నది. ఆమె ఊకెనే అన్నది. నేను గూడ ఊకెనే విన్న.

రఫీకి చెప్తే తల పట్టుకున్నడు. "సత్తన్నా, పోయేది నవీన్ ఒక్కడే కాదు, మనం పోవాల్సిన బండి గూడ పోతది" అన్నడు. నిజమే, మేము ఏడికి పోయినా నవీన్ ట్రాలీలనే పోయేది. "ఊర్ల బస్సులు లేవా?" అన్న నేను. అప్పుడే ఇంకో రూల్ గూడ పెట్టిన. బస్సు కదిలే టైముకు రానోడు ఆ మ్యాచ్‌ల ఉండడు, వానికోసం బస్సు ఆపుడు లేదు, ఎవడైనా సరే. ఎవడైనా సరే అన్న మాట ఒకటికి రెండుసార్లు చెప్పిన. ఇది గుర్తు పెట్టుకోండ్రి.

ఇగ ప్రభుదాసు. ఏం పిల్లగాడండి! ఊరు ఎల్లారెడ్డే అయినా కామారెడ్డిల హార్డ్‌వేర్ షాపుల పనిచేస్తడు, ఇక్కడనే రూముల ఉంటడు, శనివారం మాపటికి ఇంటికి పోతడు. ప్రాక్టీస్‌కు నాకంటె ముందే వచ్చి కూసునేటోడు. "గుడ్ మార్నింగ్ సార్." బూట్లు తళతళ. ఎదురు మాట లేదు. డిఫెన్స్‌ల నిలబడితే గోడనే. నేను అందరికి వాణ్ణి చూపించి, "చూడుండ్రి, ఇట్లుండాలె" అనేటోణ్ణి. మిగతావాళ్ళు పండ్లు కొరుకుతుండిరి.

శనివారం ప్రాక్టీస్ అయినంక ప్రభుదాసు నా దగ్గరికి వచ్చి, "సార్, రేపు మ్యాచ్‌కు నేను చర్చిల ప్రార్థన అయినంక వస్త" అన్నడు.

"ప్రార్థనేంది? మన మొదటి మ్యాచ్ మీ ఎల్లారెడ్డితోనే, పొద్దునే షురూ అయితది కద!"

"ఆదివారం పొద్దున ప్రార్థన తప్ప సార్. మా టీముల గూడ అందుకే మాణిక్ సార్ నన్ను మధ్యాహ్నం మ్యాచ్‌లకే పెట్టేటోడు. చర్చి గ్రౌండ్‌కు దగ్గరనే. హాఫ్ టైముకు వచ్చేస్త. టైమంటే టైమే, మీరే చెప్పిండ్రు కద సార్."

డిసిప్లిన్ కావాలని అడిగి తెచ్చుకున్న మనిషి. వాడు నాకంటె ముందు దేవునికి మాట ఇచ్చిండు, ఆ మాట తప్పమని నేనెట్ల చెప్త? అదీగాక ఆదివారం మ్యాచ్ అని తెలిసి, వాడు చర్చికి పోతడని తెలిసి, రెండు కలిపి ఆలోచించనోణ్ణి నేను. "సరే బిడ్డా" అన్న.

అసలు తప్పు మాత్రం ఇంకా ముందున్నది. నేను టీముకు కొత్త నిక్కర్లు కుట్టిస్తనని మాట ఇచ్చిన. ఎర్రటి గుడ్డ, పక్కల తెల్ల పట్టీ. కట్ చేసి పెట్టి మస్తు రోజులైంది. కానీ పెండ్లిళ్ళ సీజన్, మీద మీద గిరాకీ. శనివారం పొద్దుగూకెదాక అవి అట్లనే మూలకున్నయి. నేను అన్నిటికి గబగబ కచ్చా కుట్టు ఏసిన. తెలుసు గద, పక్కా కుట్టేసే ముందు గుడ్డ జరగకుండ దూరం దూరం ఏస్తం, లాగితే ఊడొస్తది. ఆదివారం తెల్లారి లేచి పక్కా కుట్టు మొదలుపెడితే నడుము పట్టీలే అయినయి. పక్కలు, మధ్యల కుట్టు అన్నీ కచ్చానే ఉన్నయి.

"ఈటితోని ఉరుకుతరా పిల్లలు?" అన్నది సుజాత.

"ఒక్క పూటకే గద. వచ్చినంక పక్కాగ ఏస్త."

"ఎప్పుడు?"

"రేపు" అన్న. సంచి నింపుకోని బస్టాండ్‌కు ఉరికిన.

బస్సు లేదు. టీము లేదు. రఫీకి ఫోన్ చేసిన. "సత్తన్నా, బస్సు కదిలింది" అన్నడు చల్లగ.

"ఆపుడు తెల్వదా? నిక్కర్లన్నీ నా దగ్గరున్నయి!"

"ఎవడైనా సరే ఆపొద్దన్నవ్ కదన్నా. రెండుసార్లు అన్నవ్."

నా రూల్‌కు నేను ఎంత గర్వపడాల్నో నాకు తెల్వలే. సంచి నెత్తిన పెట్టుకోని ఎల్లారెడ్డి దిక్కు రోడ్డు మీద నిలబడ్డ. ఇంకో బస్సు జాడ లేదు. గప్పుడు వెనకనుంచి బుర్రుమని చప్పుడు. తల తిప్పకుండనే నాకు తెలిసిపోయింది ఎవరో. ట్రాలీ వచ్చి పక్కన ఆగింది.

"ఏందన్నా, లేటైందా?" అన్నడు నవీన్.

మీరు నవ్వుండ్రి, ఫర్వాలేదు. నేను ఎక్కి కూసున్న. వెనకాల ట్రాలీ నిండ గోబీ పూలు. ముందు సీటు మీద మేమిద్దరం, మధ్యల నా నిక్కర్ల సంచి. అమ్మిన ఎద్దే దారి మధ్యల దొరికి ఎక్కించుకపోయినట్టుండె నా పరిస్థితి.

తాడ్వాయిల బండి ఆపిండు. ఎవరింట్లనో ఫంక్షనంట, గోబీ దించాలె. నేను గూడ దిగి రెండు బుట్టలు మోసిన, తొందరగ తెములుతదని. మళ్ళ ఎక్కినంక ఉండబట్టక అడిగిన. "నువ్వు రోజు గిట్లనే చేస్తవా?"

"రోజు గిట్లనేనన్నా. చీకటితోని మార్కెట్‌కు పోయి లోడ్ ఎక్కించుకుంట. తాడ్వాయిల దించి వాపసు గ్రౌండ్‌కు వస్త. ఎంత గుంజి నడిపినా మీ విజిల్ టైముకు అందకపోతుండె."

"నాకెన్నడన్న చెప్పినవార?"

"నువ్వెన్నడన్న అడిగినవా? రాంగనే విజిల్ ఊదుతవ్, బండ చూపిస్తవ్. ఇగ నేను బండ మీద కూసునుడే." వాడు కోపంగ అనలే. మామూలుగ, గేరు మార్చుకుంట అన్నడు. "మాణిక్ సార్ మొదటి రోజే అడిగిండు. నా పని విని ప్రాక్టీస్ మాపటికి మార్చిండు. అక్కడ ఇంతవరకు లేట్ కాలేదు నేను."

నాకు మస్తు సిగ్గనిపించింది. కోచ్‌ది బాధ్యత, కోచ్‌ది బాధ్యత అని ఈ బల్ల గుద్ది చెప్పిన మనిషిని. వాడు ఎందుకు లేటైతుండో ఒక్క మాట అడిగింది లేదు. బయట లింగంపేట దాటుతున్నం. ఏదో ఒకటి మంచి మాట అనాలని గొంతు సవరించుకున్న.

అప్పుడే వాడు, "అన్నా, నా ప్యాంటు?" అన్నడు.

"రేపు" అన్న. నేనన్లే, నోరు అన్నది. అలవాటు.

వాడు నవ్విండు. "పిల్లను చూడపోయేటప్పుడు ఏసుకుందామనుకున్ననన్నా ఆ ప్యాంటు. రాకపాయె. మా బాపు ప్యాంటు ఏసుకోని పోయిన. ఆయన నడుము పెద్దది. జారకుండ రెండు చేతులు కడుపు మీద పెట్టుకోని కూసున్న, తల గూడ ఎత్తలే. పిల్ల వాళ్ళు ఎంత అణకువున్న పిలగాడని ఒప్పుకున్నరు."

"మంచిదే అయ్యిందిగద మరి" అన్న.

"మంచిదే అయ్యింది. పెండ్లికన్న కుట్టియ్యన్నా."

గ్రౌండ్‌కు పోయేసరికి ఫస్ట్ హాఫ్ అయిపోవస్తున్నది. మా పోరగాళ్ళు ఏది దొరికితే అది ఏసుకోని ఆడుతున్నరు. ఒకడు జీన్స్ మోకాళ్ళ దాక మడిచిండు, ఒకడు నైట్ ప్యాంటు మీదున్నడు, ఒకడు వాళ్ళ అన్న డ్యూటీ ప్యాంటు ఏసుకున్నడు. గట్ల ఆడుకుంట గూడ గోల్ పోనియ్యలే. మాణిక్ సార్ గడియారం చూసి నవీన్‌ను, "వచ్చినవా? గోబీ దించినవా? పో" అన్నడు. గంతే, తిట్టు లేదు, బండ లేదు.

నేను సంచి పట్టుకోని మా వాళ్ళ దిక్కు పోయిన. హాఫ్ టైమ్ విజిల్ పడ్డది. రఫీ చెమట తుడుచుకుంట వచ్చి సంచి తీసుకున్నడు. నన్ను ఎగాదిగ చూసిండు.

"కోచ్ సాబ్, మాఫ్ కరో" అన్నడు. "రూల్ రూలే. లేట్ వచ్చినోడు బయట కూసోవాలె."

"అరే, ఇక్కడ బండ లేదు గద?"

"ఇటుకలున్నయి" అన్నడు రఫీ, ప్రభుదాసు లెక్క మర్యాదగ. గోల్ పోస్ట్ పక్కన ఎవరో ఇటుకలు పేర్చి పెట్టిండ్రు. కూసున్న. ఏం చేస్త? టీమంత చూస్తున్నది. వాళ్ళు నవ్వలే. ఎంత శ్రద్ధగ కూసోబెట్టిండ్రంటే, నేను నేర్పిన డిసిప్లిన్ మొత్తం ఒక్కరోజుల కనబడ్డది.

గప్పుడే ప్రభుదాసు వచ్చిండు. తెల్ల అంగి, దువ్విన తల, చేతిల బైబిల్. "ప్రెయిజ్ ద లార్డ్ సార్, హాఫ్ టైముకు వచ్చిన. ఇది జర పట్టుకుంటరా?" అని బైబిల్ నా చేతులల్ల పెట్టిండు. తర్వాత ఇటుకల దిక్కు చూసి, "మీరెందుకు ఇక్కడ కూసున్నరు సార్?" అన్నడు.

"లేటొచ్చిండు" అన్నడు రఫీ.

ప్రభుదాసు తల ఊపిండు, అంతే. వాడు నవ్వినా బాగుండు.

సెకండ్ హాఫ్ షురూ అయ్యింది. ఎర్ర నిక్కర్లు, తెల్ల పట్టీలు, మా పోరగాళ్ళు దిగితే గ్రౌండ్ అంత చప్పట్లు. నాకు కండ్ల నీళ్ళు వచ్చినంత పనైంది. కోచ్‌గ కాకపోయినా టైలర్‌గ. ప్రభుదాసు మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్న పాత నిక్కరే ఏసుకున్నడు. "ఎందుకైనా మంచిది సార్" అన్నడు. ఎందుకో నాకు అప్పుడు తట్టలే.

కొంచెం సేపు ఆట అద్భుతం. నవీన్ బంతి పట్టుకుంటడు, ప్రభుదాసు అడ్డం నిలబడ్తడు. నేను ఇచ్చినోడు, నేను తెచ్చినోడు. ఒకడు నీళ్ళోలె జారిపోతడు, ఇంకోడు కదలడు. బైబిల్ గుండెకు పట్టుకోని చూస్తున్న.

మొదటి చప్పుడు మా రైట్ సైడ్ పిల్లగాని దగ్గర వచ్చింది. పర్రున. వాడు కాలు చాపిండు, నిక్కరు పక్క కుట్టు నడుము దాక ఇడిసింది. వాడు ఒక చేత్తోని పట్టుకోని ఉరుకుడు షురూ చేసిండు. తర్వాత ఇంకోడు. తర్వాత ఇంకోడు. జర సేపట్ల మా టీముల సగం మంది ఒంటి చేతి ఆటగాళ్ళైనరు. ఎవడన్న పాస్ అడగాలంటే చెయ్యెత్తాలె. చెయ్యెత్తితే నిక్కరు. అందుకని ఎవడు ఎవణ్ణి పాస్ అడుగుతలేడు. ఎల్లారెడ్డి జనం నవ్వి నవ్వి కింద కూసున్నరు.

ఇగ ఆఖరికి నవీన్ ఒకసారి ప్రభుదాసును తప్పించుకున్నడు. కాలు ఊపిండు. బంతి వస్తున్నది. రఫీ పసిగట్టిండు, మంచిగ పసిగట్టిండు, ఎడమ దిక్కు ఎగిరిండు. గాలిల ఉన్నప్పుడే పర్రుమన్నది. ముందు కుట్టు, వెనక కుట్టు, ఒకేసారి.

ఒక దిక్కు బంతి, ఒక దిక్కు మానం. ఉన్నవి రెండే చేతులు. రఫీ రెండు చేతులు నిక్కరు మీదికి తెచ్చిండు. నేనైనా అదే చేస్త, మీరైనా అదే చేస్తరు. బంతి నెమ్మదిగ వలల పోయి పడుకున్నది.

నేను ఇటుకల మీదికెళ్ళి ఎగిరి లేచి "ఫౌల్! ఫౌల్!" అని అరిచిన. రెఫరీ ఆగి, నా దిక్కు తిరిగి, "ఎవరిది ఫౌల్?" అని అడిగిండు.

"టైలర్‌ది!" అని గుంపులకెళ్ళి ఎవడో అరిచిండు.

కూసున్న మళ్ళ ఇటుకల మీద. నవీన్ గోల్ కొట్టి సంబురం గూడ చెయ్యలే. ఉరికిపోయి లైన్ బయట పెట్టిన తన తువ్వాల తెచ్చి రఫీ నడుముకు చుట్టిండు. ఇద్దరు ఒకల మీద ఒకలు పడి నవ్వుకున్నరు. ఆ ఒక్క గోల్ తోనే ఓడిపోయినం. కప్పు పోయింది. దాంతోని నా ఒట్టు యాదికొచ్చింది, నాకు కాదు, టీముకు.

గోల్ పోస్ట్ పక్కనున్న షామియానా కింద అందరికి చాయ్ ఇచ్చిండ్రు, నాకు ఇటుకల మీదికే అందిచ్చిండ్రు. రఫీ తువ్వాల నడుముకే కట్టుకోని, "సత్తన్నా, కప్పు తేకపోతే కోచ్ పని ఇడిచిపెడ్తనన్నవ్" అన్నడు.

"అన్న. మాట మాటనే" అన్న. పైకి గట్టిగనే అన్న గని లోపల ఏడుపొచ్చింది. పొద్దున లేచి ఆ గ్రౌండ్‌కు పోకపోతే నేను ఏడికి పోవాలె? షాపుకా? అక్కడ అందరు బట్టలడుగుతరు.

రఫీ లేసి, "మనిషిని ఊకె పారేసుడెందుకు, మార్చుకుందం" అని మాణిక్ సార్ దగ్గరికి పోయి పక్కన కూసున్నడు. సార్ తువ్వాల తీసిండు. ఇద్దరి చేతులు కిందికి పోయినయి. నేను దూరంనుంచి చూస్తున్న. నా గురించే బేరం. రఫీ నా దిక్కు చూసి ఏదో చెప్పిండు. సార్ నా దిక్కు చూసిండు, రఫీ కట్టుకున్న తువ్వాల దిక్కు చూసిండు. మళ్ళ తువ్వాల కింద ఏదో కదిలింది. లేసి వచ్చిండు రఫీ.

"ఎన్ని వేళ్ళు పట్టుకున్నడు?" అడిగిన ఆత్రంగ.

"ఒక్కటి గూడ పట్టుకోలేదన్నా. చెయ్యి గుంజుకున్నడు." మళ్ళ, "కావాలంటే టోర్నమెంట్ అయినంక గూడ ప్రభుదాసును మీరే ఉంచుకోండ్రి, ఈయనను మాత్రం నాకు అంటగట్టకుండ్రి అన్నడు" అని చెప్పిండు.

చూసిండ్రా? నన్ను తీసుకోకుండ ఉండనీకి ప్రభుదాసును ఉత్తగ ఇచ్చిండు! నవీన్ ఎట్లనూ మాకే వాపసు వస్తడు. గోల్ కొట్టేటోడు మాదే, ఆపేటోడు మాదే. వచ్చే ఏడు మా టీము ఎట్లుంటదో ఊహించుకోండ్రి. నా కోచ్ జిందగీల టీముకు నేను చేసిన పెద్ద లాభం ఇదే. నేనేం చెయ్యలే, నన్ను వద్దన్నరు, అంతే.

"మరి కోచ్ ఎవరు?" అన్నడు ఎవడో.

నవీన్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "సత్తన్ననే ఉండాలె" అన్నడు. నా గుండె నిండింది. ఎంత మంచి పోరడు అనుకున్న. తర్వాత వాడు, "నా ప్యాంటు గుడ్డ ఆయన దగ్గరున్నది. షాపుకాడ ఈయన ఎన్నడు దొరికిండు? గ్రౌండ్ల అయితే రోజు దొరుకుతడు, అడగొచ్చు. నా ప్యాంటు ఇచ్చేదాక ఈయననే కోచ్" అన్నడు.

రఫీ ఒప్పుకున్నడు. ప్రభుదాసు గూడ "న్యాయమే" అన్నడు. ఇటుకల మీదికెళ్ళి లేచిన.

ఇప్పుడు ప్రాక్టీస్ నవీన్ లోడ్ దించి వచ్చినంకనే షురూ అయితది. ఎవడన్న లేటైతే ముందు ఎందుకని అడుగుతున్న. బండ మీద ఇప్పుడు ఎక్కువ నేనే కూసుంటున్న, మోకాలు నొప్పికి అది మంచిగున్నది.

ప్యాంటు సంగతా? ఎవరికి చెప్పకుండ్రి. సోమవారమే కుట్టేసిన. పక్కా కుట్టు, రెండుసార్లు ఏసిన. సుజాత కాజాలు గూడ తీసింది, ఇస్త్రీ గూడ అయ్యింది. "ఇచ్చి రాపోయ్యా, పిలగాని పెండ్లి దగ్గరికొస్తున్నది" అని పొద్దుగాలనే తిట్టింది. నేను దాన్ని మడిచి, కాగితం చుట్టి, బీరువాల కిందికి పెట్టిన.

ఇవాళ పొద్దున నవీన్ నాకంటె ముందే వచ్చి గ్రౌండ్ల నిలబడ్డడు. "అన్నా, నా ప్యాంటు?" అన్నడు.

"రేపు" అన్న.